ముక్క పడ్డాక అవతలోడు కడతాడా?

"ఇంప్లైడ్ ఆడ్స్ ఉన్నాయి, అందుకే కాల్ చేశా." ఈ సంక్రాంతి మూడు రోజులూ మా వరండాలో పోకర్ ఆడుతూ అందరి నోటా ఇదే మాట (ముక్క పడ్డాక ఇంకా వస్తాయిలే అనుకుని అవతలోడి పందెం కట్టడం అన్నమాట), ఎక్కువసార్లు అన్నది నేనే. ఆ మాట అంటూ నేను చేసిన కాల్స్‌లో చాలా వాటికి అసలు లెక్కే లేదని పండగ అయిపోయాక కాయితం పెన్ను తీసుకుని కూర్చుంటే తెలిసింది, అప్పట్నుంచి ఇది రాయాలని ఉంది.

కొండపి దగ్గర మా ఊరు. పండక్కి అక్కా బావా పిల్లలూ, మామ, ఒంగోలు నుంచి నేను, అందరం చేరతాం. ఒకప్పుడు పదమూడు ముక్కలాటే, నాలుగేళ్ళ నుంచి పోకర్, అదే టెక్సాస్ హోల్డెమ్, బెంగుళూరులో పనిచేసే మా బావ నేర్పించాడు. డబ్బులుండవు. అమ్మ చింతపండు కొట్టినప్పుడు తీసి దాచిన గింజలు డబ్బా నిండా ఉంటాయి, మనిషికి 200 లెక్కపెట్టి ఇస్తాం, ఆట మొదట్లో ఇద్దరు తప్పనిసరిగా వేయాల్సిన బ్లైండ్లు 1, 2. డబ్బుకి ఎందుకు ఆడవు అని అడిగేవాళ్ళకి ఒక్క మాట. 2020లో మన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం మార్చి పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ ఆపేసింది, 2025లో కేంద్రం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషేధిస్తూ చట్టం తెచ్చింది, వాటి సంగతి అట్టా ఉంచినా నాతో చదువుకున్న ఒకడు ఫోన్లో ఆడి ఆడి వాళ్ళ నాన్న కొనిచ్చిన బండి కూడా అమ్ముకోవడం నా కళ్ళతో చూశా. నాకు ఈ ఆటలో లెక్క ఇష్టం, దానికి గింజలు చాలు.

ఇక విషయం. పోకర్ తెలీనోళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు. మొదట మూడు ఒకేసారి పడతాయి, అది ఫ్లాప్, తర్వాత ఒకటి టర్న్, ఆఖర్ది రివర్. మొత్తం ఏడింట్లో మంచి ఐదుతో చెయ్యి లెక్క. ప్రతి దశలోనూ పందెం. అవతలోడు వేసినంత కడితే కాల్, ముక్కలు పడేస్తే ఫోల్డ్, అందరూ వేసిన గింజల కుప్ప పాట్. చేతిలో రెండు ఇస్పేట్లు ఉండి ఫ్లాప్‌లో ఇంకో రెండు పడ్డాయనుకోండి, ఇంకొక్క ఇస్పేటు వస్తే ఐదూ ఇస్పేట్లే, అదే ఫ్లష్. 13 ఇస్పేట్లలో 4 కనిపించాయి, మిగతావి 9, వీటినే ఔట్లు అంటారు. మనకి కనపడని ముక్కలు 47, అందులో 9 మంచివి 38 చెడ్డవి, అంటే 38కి 9, సుమారు 4.2కి 1, వీటినే ఆడ్స్ అంటారు. ఇంకోలా చెప్పాలంటే తర్వాతి ముక్క ఇస్పేటు అయ్యే అవకాశం నూటికి 19. ఇక్కడ దాకా ఎవరికీ పేచీ లేదు, మా అక్క కూతురు ఎనిమిదో తరగతి, అది కూడా చేసుద్ది ఈ లెక్క.

పేచీ వచ్చేది పాట్ తక్కువున్నప్పుడు. పాట్‌లో 12 గింజలున్నాయి, అవతలోడు 10 వేశాడు, ఇప్పుడు పాట్ 22, నేను కట్టాల్సింది 10. నా పదికి 22 వస్తున్నాయి, అంటే 2.2కి 1. నాకు కావాల్సింది 4.2. చాలదు. లెక్క ప్రకారం ముక్కలు పడేయాలి. అక్కడ మనం అంటాం, "ఇప్పుడు చాలకపోతేనేం, ఫ్లష్ పడ్డాక ఇంకా వేస్తాడు కదా, అవి కూడా నాకే కదా" అని. ఆ ఇంకా రాబోయే గింజలు కూడా కలిపి చూసే లెక్క పేరే ఇంప్లైడ్ ఆడ్స్. డేవిడ్ స్క్లాన్‌స్కీ లాంటి అమెరికా ఆటగాళ్ళు రాసి అందరికీ అలవాటు చేసిన మాట. మాట తప్పు కాదు, ఆలోచన కూడా చాలా మంచిది. నా గొడవల్లా మనం దాన్ని లెక్కలాగా కాకుండా సాకులాగా వాడుతున్నామని, ఎంత వస్తే చాలు అనే అంకె లేకుండా ఆ మాట నోట్లోంచి రాకూడదని.

ఆ అంకె తీయడం చాలా తేలిక. కట్టాల్సిన గింజల్ని ఆడ్స్‌తో గుణించండి, అందులోంచి ఇప్పుడున్న పాట్ తీసేయండి, మిగిలింది ముక్క పడ్డాక నాకు సగటున రావాల్సిన కనీసం. పైన చెప్పిన దాంట్లో 10ని 4.2తో గుణిస్తే 42, 22 తీసేస్తే 20. అంటే ఇస్పేటు పడిన ప్రతిసారీ సగటున ఇంకో 20 గింజలు అవతలోడి దగ్గర్నుంచి రావాలి, అప్పటికి నాకు నష్టమూ లేదు లాభమూ లేదు, సమానం. ఇరవై కంటే ఎక్కువ వస్తేనే ఆ కాల్‌కి అర్థం.

ఇక్కడ చాలామంది చేసే ఇంకో తప్పు చెప్పి ముందుకు పోతా, ఎందుకంటే మా బావే దీంట్లో నాతో రెండు రోజులు వాదించాడు. ఆయన అనేది ఏందంటే ఫ్లాప్ నుంచి రివర్ దాకా రెండు ముక్కలు వస్తాయి కాబట్టి ఫ్లష్ పడే అవకాశం నూటికి 35, అంటే 1.9కి 1 కూడా లేదు, నాకేమో 2.2 వస్తుంది, కాబట్టి కాల్ కరెక్టే అని. నూటికి 35 అనేది నిజమే. కానీ ఆ 35 రావాలంటే రెండు ముక్కలూ చూడాలి, రెండో ముక్క ఊరికే చూపించరు, టర్న్‌లో ఇంకో పందెం పడుద్ది, దానికి మళ్ళీ కట్టాలి. అవతలోడి దగ్గర ఆ 10 గింజలే ఉండి మొత్తం వేసేస్తే బావ చెప్పింది కరెక్టు, ఇంక కట్టేదేమీ ఉండదు కాబట్టి రెండు ముక్కలూ చూస్తాం. గింజలు ఇంకా కుప్పగా ఉన్నప్పుడు మాత్రం ఒక్కో ముక్కకీ విడిగా లెక్క వేసుకోవాల్సిందే. రెండు ముక్కల్లో పడే అవకాశం నూటికి ఎంతో తెలియాలంటే ఔట్లని నాలుగుతో గుణించు అని నేర్పించేవాళ్ళు ఈ షరతు కూడా గట్టిగా చెప్తే చాలా మందికి మేలు చేసినవాళ్ళవుతారు.

ఇప్పుడు భోగి రోజు రాత్రి ఆట. నా చేతిలో ఇస్పేటు 9, ఇస్పేటు 8. బావ చిన్న బ్లైండు, మామ పెద్ద బ్లైండు, నేను ఆఖర్న. బావ 4కి పెంచాడు, ముగ్గురం నాలుగేసి, పాట్ 12. ఫ్లాప్‌లో ఇస్పేటు రాజు, ఇస్పేటు 4, డైమండు జాకీ. బావ 10 వేశాడు, మామ పడేశాడు, నేను కాల్. టర్న్ డైమండు 3, నాకు పనికిరాదు. పాట్ 32, బావ 25 వేశాడు, 57 అయింది. నేను "ఇంప్లైడ్ ఆడ్స్" అన్నా, 25 కట్టా.

ఆ కాల్‌ని ఇప్పుడు కూర్చుని చూద్దాం. ఒక్క ముక్కే మిగిలింది, కనపడనివి 46, అందులో 9, అంటే 4.1కి 1. 25ని 4.1తో గుణిస్తే 103, అందులో పాట్ 57 తీసేస్తే 46. ఇస్పేటు పడిన ప్రతిసారీ బావ సగటున ఇంకో 46 గింజలు ఇవ్వాలి నాకు. ఆయన దగ్గర 161 ఉన్నాయి, కాబట్టి గింజలకి కొరత లేదు. ప్రశ్న ఏందంటే ఇస్తాడా అని. బల్ల మీద మూడో ఇస్పేటు కనపడతా ఉంటే రాజుల జత పట్టుకున్నోడైనా ఆగి ఆలోచిస్తాడు కదా, మా బావ అసలే జాగ్రత్తపరుడు. నేను 60 వేస్తే సగం సార్లు కడతాడు, సగం సార్లు పడేస్తాడు అనుకుంటే సగటు 30. కావాల్సింది 46, వచ్చేది 30. ఫ్లష్ పడినవీ పడనివీ కలిపి చూస్తే అలా చేసిన ప్రతి కాల్‌కీ నాకు సగటున సుమారు 3 గింజలు పోతాయి. మూడే కదా అనిపించొచ్చు. మూడు రోజుల్లో ఇట్టాంటి కాల్స్ ఎన్ని చేసుంటానో, నా 200 గింజలు ఎట్టా కరిగిపోయాయో నాకు అప్పుడు అర్థమైంది.

అదీ బావ దగ్గర ఫ్లష్ కంటే చిన్నదే ఉందనుకున్నప్పటి లెక్క. ఆ రాత్రి రివర్‌లో ఇస్పేటు 2 పడింది. బావ చెక్ అన్నాడు, అంటే పందెం వేయలేదు. నేను గుండె దడదడలాడతా ఉంటే 50 వేశా. బావ ఒక్క క్షణం కూడా ఆగకుండా ఉన్నవన్నీ, 161, ముందుకు నెట్టాడు. నేనూ కట్టా. ఆయన ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాణి తిప్పాడు.

"ఏం బామ్మర్దీ, ఇంప్లైడ్ ఆడ్స్ నీకా నాకా?" అన్నాడు.

ఆ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే నేను 9 ఔట్లు అని లెక్కేసుకున్నవాటిలో రెండు ఆయన చేతిలోనే ఉన్నాయి, మిగిలిన ఏడింట్లో ఏది పడినా ఆయనకి నాకంటే పెద్ద ఫ్లష్. నిజానికి ఆ టర్న్‌లో నన్ను గెలిపించేవి నేను లెక్కలోకే తీసుకోని మూడు తొమ్మిదులు, మూడు ఎనిమిదులు, ఎందుకంటే ఆయన దగ్గర అప్పటికి జత కూడా లేదు! దీన్నే రివర్స్ ఇంప్లైడ్ ఆడ్స్ అంటారు, అంటే నా ముక్క పడ్డాక నేను గెలిచేది కొంచెం, ఓడిపోతే మాత్రం మొత్తం. ఇంకొక్క ముక్క కోసం చూసే చెయ్యిని డ్రా అంటారు, ఆసుతో వచ్చే ఫ్లష్ డ్రాకీ తొమ్మిదితో వచ్చే ఫ్లష్ డ్రాకీ ఔట్లు ఒకటే, ఆడ్స్ ఒకటే, విలువ మాత్రం ఒకటి కాదు. మొదటిది పడితే నిశ్చింతగా ఎంతైనా వేయొచ్చు, ఎంతైనా కట్టొచ్చు. రెండోది పడితే ఎంత పెద్ద పందెం వస్తే అంత భయపడాలి. పుస్తకాల్లో, వీడియోల్లో ఔట్ల పట్టిక అందరూ ఇస్తారు, ఈ తేడా పట్టికలో పడదు.

మనవాళ్ళం ఇక్కడ ఎందుకు ఎక్కువగా పడిపోతామో నాకో అభిప్రాయం ఉంది, నేను దీన్ని గట్టిగా నమ్ముతా. మనం రమ్మీ ఆడి పెరిగిన జనం. 101 ఆటలో మొదట్లోనే ముక్కలు పడేస్తే (ఫస్ట్ డ్రాప్) 20 పాయింట్లు, మధ్యలో పడేస్తే (మిడిల్ డ్రాప్) 40, ఫుల్ 80 అని చిన్నప్పుడే వంటబట్టింది. రెండు పక్కలా తగిలే ముక్క కోసం ఆగొచ్చు, మధ్య ముక్క కోసం ఆగకూడదు అని మా నాయనమ్మ కూడా చెప్పేది, అది అచ్చంగా పోకర్ లెక్కే, రెండు చివర్లా తెరుచుకున్న స్ట్రెయిట్‌కి (వరసగా ఐదు ముక్కలు) 8 ఔట్లు, మధ్యలో ఒక్కటే కావాల్సిన దానికి 4, సగానికి సగం. కాబట్టి ముక్క వచ్చుద్దా రాదా అనే లెక్క మన రక్తంలోనే ఉంది. రమ్మీలో నైపుణ్యానిదే పెద్ద పాలు అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే.

కానీ రమ్మీలో ఒక సంగతి ఉంది. నువ్వు షో కొట్టాక అవతలోడికి దారి లేదు. చేతిలో ఎంత కౌంట్ ఉంటే అంత రాసుకోవాల్సిందే, "నీకు ముక్క పడింది కదా, నేనిప్పుడు డ్రాప్" అంటే ఎవడూ ఒప్పుకోడు. పోకర్‌లో అట్టా కాదు. నీ ముక్క పడ్డాక కూడా అవతలోడు పడేసి లేచిపోవచ్చు, అప్పటిదాకా పాట్‌లో ఉన్నదే నీది, ఒక్క గింజ ఎక్కువ రాదు. రమ్మీ అలవాటున్న బుర్ర ముక్క పడడంతో పని అయిపోయింది అనుకుంటది, పోకర్‌లో అసలు బేరం అప్పుడే మొదలవుద్ది. అందుకే నేను ఇప్పుడు డ్రా పట్టుకున్న ప్రతిసారీ నన్ను నేను అడిగే ప్రశ్న ముక్క పడుద్దా అని కాదు, అది అంకెల పని, దానంతట అదే తేలుద్ది. పడ్డాక ఈ మనిషి కడతాడా, కడితే ఎంత కడతాడు, ఇదీ ప్రశ్న.

మా నాన్న చాలా ఏళ్ళు బ్యారన్ పొగాకు వేశాడు. వేలం కేంద్రంలో ఆ రోజు పలికిన గరిష్ఠ ధర మర్నాడు పేపర్లో పడుద్ది, ఊళ్ళో అందరూ ఆ ధరతో తమ బేళ్ళన్నీ గుణించుకుని అప్పులు తీర్చేసుకుంటారు మనసులో. నాన్న ఎప్పుడూ అట్టా చేసేవాడు కాదు. మన బేళ్ళలో ఆ గ్రేడు ఎన్ని, కింది గ్రేడు ఎన్ని, ఎవరూ పాడక నో బిడ్ అయి ఇంటికి తిరిగొచ్చేవి ఎన్ని, అన్నీ కలిపి సగటు తీసి, ఇంకో కోతకి కూలీ పెట్టాలా ఆకు వదిలేయాలా అని అప్పుడు తేల్చుకునేవాడు. కొనేవాడు కొనకుండా పోయే రోజుల్ని కూడా లెక్కలో కలపడం నేను చూస్తూ పెరిగా, పోకర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఫ్లష్ పడి అవతలోడు మొత్తం ఇచ్చేసే ఆ ఒక్క రోజునే కళ్ళముందు పెట్టుకుని కట్టేశా.

అవతలోడి దగ్గర ఎన్ని గింజలున్నాయో చూడకపోవడం ఇంకో జబ్బు, ఇది సులభంగా తగ్గుద్ది. చేతిలో ఐదుల జత ఉందనుకోండి, ఫ్లాప్‌లో మూడో ఐదు పడే అవకాశం నూటికి 12 లోపే, 7.5కి 1. అవతలోడు 6కి పెంచాడు, బ్లైండ్లతో కలిపి పాట్ 9. 6ని 7.5తో గుణిస్తే 45, 9 తీసేస్తే 36. వాడి దగ్గర ఇంకా 30 గింజలే మిగిలుంటే? వాడు చివరి గింజ దాకా నాకే ఇచ్చినా లెక్క చాలదు. ఇక ఆలోచించే పనే లేదు, పడేయడమే. మూడు ఐదులు పడి కూడా ఓడిపోయే రోజులు, పడ్డా అవతలోడు కట్టని రోజులు ఉంటాయి కాబట్టి వాడి దగ్గర కట్టే దానికి పదిహేను ఇరవై రెట్లు ఉంటేనే పోవాలని అనుభవం ఉన్నవాళ్ళు చెప్తారు, నాకు అది సబబుగానే అనిపిస్తది.

ఇక మనుషులు. ఇది అన్నిటికంటే పెద్ద విషయం, ఏ యాప్‌లో ఉన్న కాలిక్యులేటరూ చెప్పలేనిది. మా అక్క మూడో ఇస్పేటు బల్ల మీద పడగానే చేతిలో రెండు జతలున్నా తీసి పెట్టేస్తది. అక్క మీద ఫ్లష్ డ్రాకి ఇంప్లైడ్ ఆడ్స్ దాదాపు సున్నా, పాట్‌లో ఉన్నదే లెక్క, పాట్ చాలకపోతే పడేయాలి. (అదే కారణంగా నా దగ్గర ఇస్పేటు లేకపోయినా ఇస్పేటు పడినప్పుడు అక్క మీద గట్టిగా వేయొచ్చు, అది వేరే వ్యాసం.) మామ దీనికి పూర్తిగా ఎదురు, ఒక మంచి జత పట్టుకున్నాడంటే ఆకాశం విరిగి పడ్డా వదలడు. ఒకే డ్రా, ఒకే పాట్, ఒకే పందెం, అక్క వేస్తే ఫోల్డ్, మామ వేస్తే కాల్. రెండూ కరెక్టే.

డ్రా ఎంత దాగి ఉందనేది కూడా దీంతోనే ముడిపడి ఉంది. మూడో ఇస్పేటు పడితే గుడ్డివాడికి కూడా తెలుసుద్ది. కానీ ఫ్లాప్‌లో జాకీ, 8, 5 ఉండి నా చేతిలో 9, 7 ఉన్నాయనుకోండి, పది పడితే 7 నుంచి జాకీ దాకా స్ట్రెయిట్, ఆరు పడితే 5 నుంచి 9 దాకా స్ట్రెయిట్, రెండు చోట్ల మధ్య ముక్కలు, కలిపి 8 ఔట్లు. ఫ్లష్ కంటే ఒక్క ఔటే తక్కువ, కానీ బల్ల మీద ఆరు పడితే ఎవడికి అనుమానం వస్తది? నాకు ఫ్లష్ డ్రా కంటే ఇదే ఇష్టం, ఎప్పటికీ.

ఉగాదికి మళ్ళీ చేరాం. సరిగ్గా ఆ చెయ్యే పడింది నాకు, 9, 7. మామ చిన్న బ్లైండులో నాలుగుకి పెంచాడు, మళ్ళీ ముగ్గురమే, పాట్ 12. ఫ్లాప్ జాకీ, 8, 5, రంగులు మూడూ వేరు. మామ 10 వేశాడు, బావ పడేశాడు. 47లో 8, అంటే 4.9కి 1, 49లోంచి 22 తీసేస్తే 27. మామ దగ్గర నుంచి 27 రావడం పెద్ద పని కాదు, కట్టా. టర్న్‌లో 2 పడింది. మామ 25 వేశాడు, పాట్ 57. ఇప్పుడు 4.75తో గుణిస్తే 119, అందులోంచి 57 తీసేస్తే 62. ఇక్కడ ఆగా. నిజంగా ఆగా, బావ "తొందరగా కానీరా" అంటున్నా సరే. మామ దగ్గర 161 ఉన్నాయి. నేను 80 వేస్తే ఐదింట్లో నాలుగు సార్లు కడతాడా? కడితే సగటు 64. కావాల్సింది 62. అంచు మీద ఉంది. పది పడితే కొంచెం అనుమానిస్తాడు, ఆరు పడితే అస్సలు అనుమానించడు, ఆ మనిషి ఇన్నేళ్ళలో ఆసుతో కూడిన జత పడేయడం నేను చూడలేదు. 25 కట్టా.

రివర్‌లో రాజు పడింది. మామ 30 వేశాడు, నేను పడేశా. 39 గింజలు పోయాయి.

ఆట అయ్యాక గింజలు డబ్బాలో పోస్తా మామని అడిగా. "మామా, ఇందాక ఆరు పడి నేను 80 వేసుంటే ఏం చేసేవాడివి?"

"ఆసు జాకీ పెట్టుకోని ఎట్టా పారేస్తారా? ఎనభై ఏంది, మొత్తం వేసినా కట్టేవాణ్ణి."

నోట్‌బుక్‌లో ఆ చెయ్యి పక్కన కాల్ కరెక్ట్ అని రాసుకున్నా.